లారెన్స్ మరణం నేర్పిన హెల్మెట్ పాఠం

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా చూసినవారికి గుర్తుండే ఉంటుంది. కథంతా ఎడారిలో నడిచే ఆ సినిమా మొదలయ్యేది మాత్రం ఇంగ్లండులో, ఒక మోటార్‌సైకిల్ ప్రమాదంతో. అది కల్పన కాదు. మీ తలమీది హెల్మెట్‌కూ ఆ ప్రమాదానికీ సంబంధం ఉంది.

థామస్ ఎడ్వర్డ్ లారెన్స్ 1888లో వేల్స్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, సిరియా సరిహద్దుల్లో పురావస్తు తవ్వకాల్లో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాధికారిగా, తుర్కుల మీద తిరగబడ్డ అరబ్బులతో కలిసి పోరాడారు. దాంతో పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆ కీర్తి ఆయనకు భారమైంది. పేరు మార్చుకుని బ్రిటిష్ వైమానిక దళంలో మామూలు ఉద్యోగిగా చేరిపోయారు. ఆ ఉద్యోగంలోనే 1927లో అప్పటి అవిభక్త భారతదేశంలోని కరాచీకి వచ్చి, సుమారు రెండేళ్లు ఈ గడ్డమీద ఉన్నారు.

ఆయనకు మోటార్‌సైకిళ్లంటే ప్రాణం. బ్రౌ సుపీరియర్ కంపెనీ బండ్లే ఒకదాని తర్వాత ఒకటి ఏడు వాడారు. గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోగల బండ్లూ వాటిలో ఉన్నాయి. అప్పట్లో తలకు రక్షణ పెట్టుకోవడం పందేల్లో తప్ప మామూలు రోడ్డు మీద అలవాటు లేదు.

1935లో ఉద్యోగ విరమణ చేసిన కొద్దివారాలకే, మే 13న డోర్సెట్‌లోని తన ఇంటికి తిరిగి వస్తున్నారు. కాస్త దూరంలోనే ఇల్లు. రోడ్డు పల్లంలోకి దిగే చోట ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్ల మీద వెళుతున్నారు. వారిని తప్పించబోయి ఆయన ఎగిరిపడ్డారు. తలకు తీవ్ర గాయమైంది. స్పృహ తిరిగి రాకుండానే ఆరో రోజున, మే 19న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 46.

చూడటానికి వచ్చిన వైద్యుల్లో ఆస్ట్రేలియాలో పుట్టిన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. తర్వాతి ఏళ్లలో మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో తలకు తగిలే గాయాలను ఆయన పట్టుదలగా పరిశోధించారు. 1941లో ప్రచురించిన వ్యాసంలో, ప్రమాద సమయంలో హెల్మెట్ ఉన్నవారు ఆయన పరిశీలనకు వచ్చింది ఏడుగురే. ఆ ఏడుగురిలో ఒక్కరూ చనిపోలేదు. అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిల్ సిబ్బందికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మరణాలు తగ్గుతూ వచ్చిన తీరును 1946లో ఆయన మరో వ్యాసంలో చూపించారు. 1952లో కెయిర్న్స్ కన్నుమూశారు. బ్రిటన్‌లో అందరికీ హెల్మెట్ చట్టం 1973లో గానీ రాలేదు.

మనకు చట్టం ఉంది. హెల్మెట్లూ ఉన్నాయి. అయినా తల పగిలి ఆసుపత్రికి వచ్చేవారిలో, హెల్మెట్ ఉండి కూడా అది ఊడిపోయి రోడ్డున పడినవారు కనిపిస్తారు. తల నేలకు కొట్టుకున్నప్పుడు పుర్రె ఆగిపోతుంది, లోపలి మెదడు మాత్రం ఆగక దూసుకెళుతుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర నలిగిపోతూ ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. అందుకు హెల్మెట్ ఆ క్షణాన తలమీదే ఉండాలి కదా!

కొనేటప్పుడు ఇలా చూసుకోండి

• కనుబొమలకు సుమారు అంగుళం పైన, వెనుక తల ఎత్తుగా ఉండే చోటు మీదుగా టేపు చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే 580 మిల్లీమీటర్ల సైజుతో మొదలుపెట్టండి. కంపెనీని బట్టి తేడా ఉంటుంది కాబట్టి పెట్టుకుని చూడాల్సిందే.

• లోపలి మెత్త తల చుట్టూ ఒకేలా ఆనాలి. ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో బుగ్గలు కొద్దిగా నొక్కుకోవాలి. నుదుటి మీద ఒక్కచోటే నొప్పి పుడితే అది మీకు నప్పదు.

• హెల్మెట్‌ను పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు.

• పట్టీ పెట్టుకుని, గడ్డం కింద రెండు వేళ్లకు మించి దూరకుండా బిగించండి. ఇప్పుడు హెల్మెట్ వెనుక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. ఊడి వస్తే కొనకండి.

• పది నిమిషాలు తలమీద ఉంచుకోండి. ఐఎస్ఐ గుర్తు తప్పక చూడండి.

కొప్పు మీద హెల్మెట్ పెడితే సరిగ్గా కూర్చోదు. జుట్టు జడగానో, మెడ దగ్గర కిందికో ముడుచుకోండి. వెనుక కూర్చునేవారికి వారి కొలతతో, పిల్లలకు పిల్లల సైజుతో వేరుగా కొనండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగి ఉంటుంది, మార్చేయండి.

పక్క వీధికే కదా అని హెల్మెట్‌ను అద్దానికి తగిలించి వెళ్లకండి. లారెన్స్ కూడా ఇంటి దగ్గర్లోనే పడిపోయారు. ఈరోజు బండి తీసే ముందే పట్టీ బిగించి, హెల్మెట్ వెనుక అంచు ఒకసారి ఎత్తి చూడండి.