యుద్ధం చెదరగొట్టిన మనసులకు మాటే మందు: వైద్యుడు రివర్స్ జీవితం

మొదటి ప్రపంచ యుద్ధం రెండేళ్లు దాటిన 1916 శరదృతువులో, ఎడిన్‌బరో శివార్లలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో ఒక కొత్త వైద్యుడు విధుల్లో చేరారు. అక్కడి రోగులందరూ బ్రిటిష్ సైన్యాధికారులు. చాలామంది ఒంటిపై గాయాలు కనిపించవు. రాత్రి కన్ను మూతపడితే చాలు, పీడకలలతో కేకలు వేస్తూ లేచేవారు. మరికొందరికి మాట తడబడేది. నాటి లోకం ఈ స్థితిని షెల్ షాక్ అని పిలిచేది. దానికి మాటలతో వైద్యం చేసిన ఆ వ్యక్తి డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్.

ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో 1864లో ఆయన జన్మించారు. తండ్రి మతాచార్యుడు, నత్తి ఉన్నవారికి చికిత్స చేయడంలోనూ అనుభవజ్ఞుడు. అయినా కుమారుడిని మాత్రం నత్తి జీవితాంతం వదలలేదు. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యవిద్య పూర్తిచేసిన రివర్స్, తరువాత కేంబ్రిడ్జిలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం బోధించారు. 1898లో టారెస్ జలసంధి ద్వీపాలకు వెళ్లిన పరిశోధక బృందంలో సభ్యుడిగా మానవశాస్త్రం వైపు మళ్లారు.

ఆ ఆసక్తే ఆయనను భారతదేశానికి రప్పించింది. 1901-02లో నీలగిరి కొండల్లోని తోడాల మధ్య నెలల తరబడి గడిపి, వారి వంశవృక్షాలను, బంధుత్వాలను, గేదెల పాడి చుట్టూ అల్లుకున్న ఆచారాలను నమోదు చేశారు. ఆ అధ్యయనం 1906లో గ్రంథంగా వెలువడింది. ఎదుటివారు చెప్పేది తొందరపడకుండా వినడం, తీర్పు చెప్పకుండా అర్థం చేసుకోవడం మానవశాస్త్రజ్ఞుడికి తొలి పాఠాలు. యుద్ధకాలంలో రోగుల పడకల పక్కన ఆయనకు అక్కరకు వచ్చినవీ అవే.

మనసు కుంగిన సైనికుడిని పిరికివాడిగా జమకట్టిన కాలమది. కొన్ని ఆసుపత్రుల్లో మాట పడిపోయినవారికి విద్యుదాఘాతాలు ఇచ్చేవారు. యుద్ధరంగంలో పారిపోయారనో, పిరికితనం చూపారనో మరణశిక్షకు గురైనవారూ ఉన్నారు. అనుభవించిన ఘోరాన్ని మరిచిపొమ్మని బంధుమిత్రులు, వైద్యులు సైతం హితవు చెప్పేవారు. రివర్స్ దృష్టిలో ఆ హితవే రోగాన్ని పెంచుతోంది. పగలంతా బలవంతంగా అణచిపెట్టిన జ్ఞాపకం రాత్రి పీడకలగా తిరగబడుతుందని ఆయన గ్రహించారు. అలాగని దానినే రేయింబవళ్లు తలపోయమనీ చెప్పలేదు. జ్ఞాపకాన్ని నేరుగా చూడాలి, అందులో మనసు భరించగల కోణం ఒకటి వెతకాలి. ఇదీ ఆయన పద్ధతి.

ఒక అధికారి తన మిత్రుడిని వెతుకుతూ వెళ్లి, ఫిరంగి గుండుకు ముక్కలైన దేహాన్ని చూశాడు. ఆ దృశ్యం రాత్రులను వదలలేదు. దేహం అంతగా ఛిద్రమైందంటే మరణం తక్షణమే సంభవించిందని, మిత్రుడు బాధపడే వ్యవధి కూడా లేదని రివర్స్ వివరించారు. ఆ తరువాత అదే కల వచ్చినా, అందులో భీతి తగ్గింది. కానీ ప్రతి జ్ఞాపకంలోనూ అలాంటి ఊరట దొరకదు. పేలుడు ధాటికి ఎగిరి, రోజుల క్రితం మరణించిన శత్రుసైనికుడి శవంపై ముఖం ఆనేలా పడిన మరో అధికారి విషయంలో భరించగల కోణమేదీ కనిపించలేదు. అతడు సైన్యాన్ని వీడడమే మేలని తేలింది. ఈ వైఫల్యాన్నీ రివర్స్ దాచలేదు. 1918లో లాన్సెట్ పత్రికలో వచ్చిన తన వ్యాసంలో రెండు ఉదంతాలనూ నమోదు చేశారు.

తరువాత వైమానిక దళానికి చెందిన రోగులను పరిశీలించినప్పుడు మరో సంగతి తేలింది. విమానం నడిపేవారి కన్నా, కట్టివేసిన బెలూన్లలో కూర్చుని నిఘా వేసేవారే ఎక్కువగా కుంగిపోయేవారు. ప్రమాదం ఎదురైనప్పుడు చేతికి పని ఉన్నవాడు తట్టుకుంటాడు. చేష్టలుడిగి ఎదురుచూడవలసినవాడు కూలిపోతాడు.

ఆయనకు అసలు పరీక్ష 1917 జులైలో ఎదురైంది. యుద్ధాన్ని కావాలనే పొడిగిస్తున్నారని బహిరంగంగా నిరసించిన కవి, సైన్యాధికారి సీగ్‌ఫ్రైడ్ ససూన్‌ను సైనిక విచారణకు బదులు క్రెయిగ్‌లాక్‌హార్ట్‌కు పంపారు. అతడికి మతి చలించలేదని రివర్స్‌కు తెలుసు. కానీ అతడిని తిరిగి విధులకు ఒప్పించడం సైనిక వైద్యుడిగా ఆయన బాధ్యత. బాగు చేయడమంటే మళ్లీ మృత్యుముఖానికి పంపడమే. ససూన్‌తో సంభాషణలు రివర్స్ నమ్మకాలనూ కదిలించాయి. తన అంతర్మథనాన్ని ఆయన తన కలల విశ్లేషణలోనే నిజాయతీగా రాసుకున్నారు. చివరికి ససూన్ యుద్ధానికి తిరిగి వెళ్లాడు, గాయపడి బతికాడు. అదే ఆసుపత్రిలో మరో వైద్యుడి వద్ద కోలుకున్న కవి విల్ఫ్రెడ్ ఓవెన్ మాత్రం 1918 నవంబరు 4న, యుద్ధవిరమణకు వారం ముందు నేలకొరిగాడు.

యుద్ధానంతరం రివర్స్ ప్రజాజీవితం వైపు అడుగులు వేశారు. లండన్ విశ్వవిద్యాలయ స్థానం నుంచి లేబర్ పార్టీ అభ్యర్థిగా పోటీకి అంగీకరించారు. ఎన్నిక రాకముందే, 1922 జూన్ 4న, పేగు మెలిపడిన హెర్నియాతో 58వ ఏట కన్నుమూశారు. కలలపై ఆయన గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది.

ఆయన పరిశీలించిన వేదనకు 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం వ్యాధుల వర్గీకరణలో ప్రత్యేక స్థానం కల్పించింది. నాడు మరణశిక్షకు గురైన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో క్షమాపణ ప్రసాదించింది. వాటికి ఎంతో ముందే ససూన్ తన రుణం తీర్చుకున్నాడు. 1936లో ప్రచురించిన ఆత్మకథాత్మక నవలలో తనతో సహా చాలామంది పేర్లు మార్చిన ఆ కవి, రివర్స్ పేరును మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాడు.