లాంబ్టన్ దొర, మా లెక్కల అయ్యోరు

స్వర్ణోత్సవ సంచికకు మన అయ్యోర్లలో ఒకరి గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. నేను రాయబోయేది మాత్రం మన చిత్తూరు బడి గడప తొక్కని ఒక దొర గురించి. ఆయన్ను మాకు పరిచయం చేసింది మన లెక్కల అయ్యోరే కాబట్టి మన్నిస్తారనుకుంటాను.

పదో తరగతిలో సైన్, కాస్ అంటే నాకు వణుకు. ఒక మధ్యాహ్నం అయ్యోరు పుస్తకం మూసేసి విలియం లాంబ్టన్ కథ మొదలుపెట్టారు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1753 ప్రాంతంలో పుట్టిన పేదింటి బిడ్డ. లెక్కలే ఆస్తి. సైన్యంలో చేరి అమెరికా యుద్ధంలో ఖైదీగా చిక్కాడు. తర్వాత ఏళ్ల తరబడి కెనడాలో సైనికుల బసల లెక్కలు చూసే చిన్న ఉద్యోగం. మన దేశానికి వచ్చేసరికి నలభై దాటాయి. 1799లో టిప్పు సుల్తాను మీది యుద్ధంలో ఒక రాత్రి దళం దారితప్పి శత్రువు వైపే నడుస్తుంటే, నక్షత్రాలను చూసి దిక్కు తప్పిందని చెప్పింది ఈయనే.

యుద్ధం ముగిశాక ఈ నేలను త్రిభుజాలతో కొలుస్తానన్నాడు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ కొండ దగ్గర పని మొదలైంది. వంద అడుగుల ఉక్కు గొలుసుతో, మండుటెండలో, ఏడున్నర మైళ్ల గీత కొలిచారు. గొలుసు ఎండకు సాగుతుంది కదా, అందుకని వేడిని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఆ ఒక్క భుజం చేతికొస్తే మిగతావన్నీ కోణాలే. గీత రెండు కొసల నుంచి దూరపు కొండను చూస్తే 60, 70 డిగ్రీలు వచ్చాయనుకోండి. మూడోది 50. ఏడున్నరను సైన్ 60తో గుణించి సైన్ 50తో భాగిస్తే ఒక భుజం సుమారు 8.5 మైళ్లు. కొండెక్కకుండానే దూరం తెలిసింది! ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అలా మద్రాసు నుంచి బెంగుళూరు మీదుగా మంగళూరు దాకా వెళ్లి చూస్తే, పాత పటాలు ఈ ద్వీపకల్పాన్ని దాదాపు 40 మైళ్లు ఎక్కువ వెడల్పుగా చూపించాయని తేలింది. ఉత్తరానికి సాగిన గొలుసుకట్టు మన కుప్పానికి పడమరగా పోయింది. 1811లో మన సీమలోని గుత్తి దగ్గర మళ్లీ నేల మీద గీత కొలిచి సరిచూసుకున్నారు.

కోణాలు చూసే థియోడలైట్ అర టన్ను బరువు. ఓడలో వస్తుండగా దాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుని, తర్వాత మర్యాదగా పంపించేశారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి, గోడకు కొట్టుకుని, వలయం వంకరపోయింది. ఇంకొకరైతే పని మానేసేవారు. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని దాన్ని తన చేతులతోనే సరిచేశాడు.

అప్పుడు అయ్యోరు ఒక ప్రశ్న వేశారు. రెండు కోణాలు తెలిస్తే మూడోది తీసివేతే కదా, మరి లాంబ్టన్ మూడో కొండ కూడా ఎందుకెక్కాడు? ఎవ్వరం చెప్పలేదు. భూమి గుండ్రం కాబట్టి మొత్తం 180 కంటే కాస్త ఎక్కువొస్తుంది. 30 మైళ్ల సమబాహు త్రిభుజంలో ఆ ఎక్కువ దాదాపు 5 సెకన్లు. అసలు సంగతి ఇంకొకటి. తీసివేసి రాసిన కోణం, మొదటి రెండింటిలోని తప్పును కనబడనీయదు.

ఈ మాట నాకు నెత్తికెక్కింది పదేళ్ల తర్వాత, సర్వేయరుగా. ఒక ఊళ్లో పొద్దుపోయిందని మూడో రాయి దగ్గరికి నడవలేదు, తీసివేతతో సరిపెట్టాను. కాగితం మీద మొత్తం చక్కగా 180. పొలంలో మాత్రం ఒక రైతు బావి పక్కవాడి వైపు పడింది. అన్నదమ్ముల పిల్లలు కర్రలు తీసుకున్నారు. మరుసటి వారం వెళ్లి మూడు రాళ్ల దగ్గరా నిలబడి చూస్తే, మొదటి కోణమే నేను తప్పు చదివాను. తప్పు నాదని ఊరి ముందు ఒప్పుకున్నాను. ఆ పెద్దాయన తిట్టలేదు, మజ్జిగ ఇప్పించాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

లాంబ్టన్ 1823 జనవరి 20న, డెబ్బై ఏళ్ల వయసులో, పనిమీద ఉండగానే హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన తర్వాత వచ్చిన ఎవరెస్టు పేరు శిఖరానికి దక్కింది. సమాధి హింగన్‌ఘాట్‌లోనే ఉంది. రిటైరయ్యాక చూసిరావాలనుకున్నాను, ఇంకా కుదరలేదు. మన బ్యాచ్‌లో ఎవరైనా వస్తానంటే టిక్కెట్లు నేను తీస్తాను.