తుంటి ఎముక ఎక్కడ విరిగింది? ఆ ప్రశ్న పట్టుకున్న సర్జన్ ఆస్ట్లీ కూపర్

ఇంట్లో నానీ జారి పడి తుంటి విరిగితే, విరిగింది సరిగ్గా ఏ చోట అన్నది డాక్టర్ కేస్ షీట్‌లో రాయాలి. అమెరికా ఆస్పత్రుల ఫైళ్లు చూసే హైదరాబాద్ మెడికల్ కోడర్లు వెతికేదీ ఆ ముక్క కోసమే. తొడ ఎముక మెడ దగ్గరైతే ఎస్72.0, కాస్త కింద ట్రోకాంటర్ దగ్గరైతే ఎస్72.1. ఎక్స్‌రే పుట్టడానికి డెబ్బై ఏళ్ల ముందే ఈ తేడాను గట్టిగా చెప్పిన మనిషి సర్ ఆస్ట్లీ కూపర్.

1768లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో, బ్రూక్ అనే ఊళ్లో ఒక పాదరీ ఇంట పుట్టారు. పదహారేళ్లకు లండన్ చేరి, గైస్ ఆస్పత్రిలో సర్జన్‌గా ఉన్న చిన్నాన్న దగ్గర పనిలో కుదిరారు. 1800లో తనూ అక్కడే సర్జన్ అయ్యారు. నాలుగో జార్జ్ రాజు తల మీది కణితి తీసినందుకు బారోనెట్ బిరుదు దక్కింది.

కానీ ఆయన అసలు చదువంతా శవాల దగ్గరే సాగింది. రోజూ శవాలు కోసి చూసేవారు. ఆ శవాలు చాలావరకు సమాధులు తవ్వే దొంగలు తెచ్చినవి. 1828లో పార్లమెంటు కమిటీ ముందు ఆయనే ఈ సంగతి దాచకుండా చెప్పారు. ఖబర్ తవ్వి మయ్యత్‌ను అమ్ముకున్న ఆ వ్యాపారం మచ్చ ఆయన పేరు మీద ఉంది, ఉండాలి కూడా.

1822లో కీళ్ల విరుగుళ్లు, తొలగుళ్ల మీద పెద్ద పుస్తకం వేశారు. తుంటి కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. దాని లోపల మెడ విరిగితే ఎముక తలకు రక్తం సరిగా అందదు, కాబట్టి ఎముక అతకడం చాలా అరుదు అన్నారు. పొర బయట విరిగితే అతుకుతుంది. లండన్‌లోనే హెన్రీ ఎర్ల్ లాంటి సర్జన్లు ఒప్పుకోలేదు, వాదన ఏళ్ల తరబడి నడిచింది.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే అనుకోవద్దు. అప్పట్లో మత్తు లేదు, ప్లేట్లు స్క్రూలు లేవు. అతకని ఎముక కోసం ముసలివాళ్లను నెలలు మంచాన పడేస్తే మనిషే దక్కడు. అందుకే లోపలి విరుగుడు అయితే కొద్ది వారాలకే లేపి, చంకకర్రలతో నడిపించమన్నారు. బయటిదైతే కట్లు కట్టి ఆగమన్నారు. ఎక్కడ విరిగిందో తప్పు రాస్తే వైద్యమే మారిపోతుందన్నమాట.

1841లో కూపర్ చనిపోయారు. గైస్ ఆస్పత్రి ప్రార్థనాలయంలోనే పూడ్చారు.

లోపలా బయటా అన్న ఆ విభజన ఇప్పటి కోడ్లలో అలాగే ఉంది. డాక్టర్ హడావుడిలో ఉత్తి 'హిప్ ఫ్రాక్చర్' అని రాసి వదిలేస్తే మాత్రం, అసలు ఎక్కడ విరిగినా సరే, రికార్డులో అది ఎస్72.0 కిందికే పోతుంది. అందుకే మంచి కోడర్ అక్కడ ఆగి, ఎక్స్‌రే రిపోర్ట్ చూసి, డాక్టర్‌కు ప్రశ్న పంపుతాడు.