పది సెంట్ల లెక్కల పుస్తకం

మహాసంపన్నుల జీవితాలను చెప్పుకొనేటప్పుడు వారి కోట్లను లెక్కించడం మనకు అలవాటు. ఆ లెక్కించే విద్యను వారు ఎక్కడ నేర్చినారో విచారించేవారు అరుదు. అమెరికాలో చమురు వ్యాపారాన్ని ఏకచ్ఛత్రంగా ఏలిన జాన్ డేవిసన్ రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాడు. ఆయన వృత్తివిద్య అంతా క్లీవ్‌లాండు నగరంలో, ఒక మేడ పై అంతస్తులో నడిచిన చిన్న ప్రైవేటు వాణిజ్య కళాశాలలో, కొద్ది నెలలలోనే ముగిసినది. ఒకప్పుడు మన పట్టణాల మేడగదులలో టైపు, షార్టుహ్యాండు నేర్చి ఉద్యోగాలకు పోయిన వారిని ఎరిగిన ఉపాధ్యాయులకు ఈ కథ కొత్తగా తోచదు. అట్టి చదువు మనిషికి ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో రాక్‌ఫెల్లరు జీవితం స్పష్టంగా చూపుతున్నది.

అతడు 1839 జూలై 8వ తేదీన న్యూయార్కు రాష్ట్రంలోని రిచ్‌ఫర్డులో జన్మించినాడు. తండ్రి విలియం ఊరూరా తిరిగి మందులు అమ్మేవాడు. వైద్యం చదువకుండానే వైద్యుడనని చెప్పుకొనేవాడు. నెలల తరబడి కనబడక, ఒకనాడు జేబునిండా డబ్బుతో ఇంటికి వచ్చేవాడు. తల్లి ఎలైజా దైవభక్తి గల ఇల్లాలు. ఎప్పుడు వస్తుందో తెలియని రాబడితో ఆమె పొదుపుగా సంసారం ఈదినది. ఆ ఇంట పెద్దకొడుకుగా పెరిగిన జాన్‌కు పైసాపైసా చూచుకొనే గుణం చిన్ననాడే అబ్బినది.

1853లో ఆ కుటుంబం ఒహాయో రాష్ట్రానికి తరలిపోయినది. జాన్ క్లీవ్‌లాండులో ఉన్నత పాఠశాలలో చేరినాడు. పిమ్మట కాలేజీలో చదవాలని అతని ఆశ. కాని 1855లో పాఠశాల చదువు ముగియవచ్చిన సమయాన, కాలేజీ తలంపు మానుకొని సంపాదనకు పూనుకోవలెనన్న సూచన తండ్రి నుండి వచ్చినది. ఆ ఏడాదే తండ్రి మారుపేరుతో మరొక స్త్రీని రహస్యంగా పెండ్లాడినాడు. ఆ సంగతి లోకానికి చాలా కాలానికి గాని తెలియలేదు.

అట్లు పదహారు సంవత్సరాలైనా నిండని బాలుడు నలభై డాలర్ల రుసుముతో ఫోల్సమ్ వాణిజ్య కళాశాలలో ప్రవేశించినాడు. అక్కడ కావ్యాలు లేవు, తత్త్వశాస్త్రం లేదు. జంటపద్దు లెక్క, చక్కని దస్తూరి, బ్యాంకుల వ్యవహారం, నాణ్యాల మారకం, వాణిజ్య న్యాయం — ఇవే పాఠాలు. వీటిలో జంటపద్దు ముఖ్యమైనది. ప్రతి వ్యవహారాన్నీ రెండు ఖాతాలలో వ్రాయవలె. ఒకచోట జమ పడితే మరొకచోట ఖర్చు పడవలె. కడపట రెండు వైపులా సరితూగవలె. సరితూగలేదంటే ఎక్కడో తప్పు దాగి ఉన్నదన్న మాట.

ఆ వేసవి చివర అతడు ఉద్యోగం కోసం బయలుదేరినాడు. నగరంలోని పెద్ద వ్యాపార సంస్థల జాబితా ఒకటి వ్రాసుకొని, వారాల తరబడి గడప గడపా ఎక్కి దిగినాడు. కాదన్న చోటికే మరల పోయినాడు. చివరకు సెప్టెంబరు 26న హ్యూవిట్, టటిల్ అనే కమీషను వర్తకులు అతనిని గుమాస్తాగా తీసుకొన్నారు. జీతం మాట ఎత్తకుండా మూడు నెలలు పనిచేసిన పిదప యాభై డాలర్లు చేతికందినవి. ఆ సెప్టెంబరు 26ను ఆయన జీవితాంతం పండుగ దినంగా జరుపుకొన్నాడు. ఆ రోజులలోనే పది సెంట్లకు ఒక చిన్న పుస్తకం కొని, దానికి లెడ్జరు ఏ అని పేరుపెట్టి, తన ప్రతి రాబడినీ ప్రతి వ్యయాన్నీ అందులో వ్రాసినాడు. చర్చికిచ్చిన సెంట్లు సైతం అందులో పద్దు పడినవి.

1859లో మారిస్ క్లార్కుతో కలిసి సొంత వ్యాపారం పెట్టినాడు. 1863లో చమురుశుద్ధిలో దిగినాడు. 1865లో భాగస్వాములతో పొత్తు చెడి వ్యాపారం వేలానికి రాగా, 72,500 డాలర్లకు తానే పాడుకొన్నాడు. 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ అవతరించినది. ఎంత ఎదిగినా గుమాస్తా చూపు మారలేదు. కిరోసిన్ డబ్బాకు మూత అతికించడానికి నలభై చుక్కల సీసం పడుతున్నదని తెలిసి, ముప్పది ఎనిమిదితో చేసి చూడుమన్నాడు. కొన్ని డబ్బాలు కారినవి. ముప్పది తొమ్మిదితో ఒక్కటీ కారలేదు. నాటి నుండి ఆ ఒక్క చుక్క కంపెనీకి మిగిలినది.

అయితే చుక్కల పొదుపుతోనే సామ్రాజ్యాలు లేవవు. రైలు కంపెనీల నుండి రహస్యంగా పొందిన కిరాయి తగ్గింపులు ఆయన ప్రత్యర్థుల గొంతు పిసికినవి. 1872లో కొద్ది వారాలలోనే క్లీవ్‌లాండులోని 26 పోటీ కర్మాగారాలలో 22 ఆయన వశమైనవి. పెన్సిల్వేనియాలో ఒక చిన్న చమురు వ్యాపారి కుమార్తె ఐడా టార్బెల్ 1902 నుండి ఒక పత్రికలో ఈ చరిత్రనంతా ఆధారాలతో బయటపెట్టినది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఆ సంస్థ 34 కంపెనీలుగా చీలినది.

దానం కూడా ఆయన పద్దు తప్పక చేసినాడు. తాను కాలేజీ చదువుకు నోచుకోని ఆ మనిషే 1890లో షికాగో విశ్వవిద్యాలయ స్థాపనకు మూలధనం ఇచ్చినాడు. కాలక్రమాన ఆ దానం మూడున్నర కోట్ల డాలర్లకు చేరినది. 1901లో వైద్య పరిశోధనాలయం, 1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వెలసినవి. 1972లో మన హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం ఏర్పడడం వెనుక ఆ ఫౌండేషన్ చేయి కూడా ఉన్నది. 1937 మే 23న, తొంబది ఏడేండ్ల వయస్సులో, ఫ్లోరిడాలో ఆయన కన్నుమూసినాడు.

కొద్ది నెలల ఆ చదువును అల్పమని తీసివేయరాదు. దిక్కులేని స్థితిలో ఉన్న ఒక బాలునికి అది పని ఇచ్చినది, శ్రద్ధ ఇచ్చినది, తనపై తనకు నమ్మకం ఇచ్చినది. కాని ఒకరి జమకు ఎదుట మరొకరి ఖర్చు ఉంటుందన్న సూత్రాన్ని ఆ కళాశాల కాగితంపై మాత్రమే నేర్పినది. ఆ ఖర్చు ఏ ఇంట పడుతున్నదో, అది న్యాయమో కాదో తరచి చూడడం ఆ పాఠాలలో లేదు. నేడు వృత్తివిద్య బోధించే గురువు జంటపద్దుతో పాటు ఈ ప్రశ్నను కూడా విద్యార్థి ముందుంచితే, ఫోల్సమ్ కళాశాల విడిచిపెట్టిన పాఠం పూర్తి అవుతుంది.