సర్ ఆర్థర్ కాటను

గోదావరీతీరమున పెరుగుచున్న మన బాలబాలికలలో కాటను దొర పేరెఱుగనివారుండరు. ఆయన ఆనకట్ట కట్టించెనని అందఱును చెప్పుదురు. కట్టుటకు ముందాయన నదిని ఎట్లు పరిశీలించెనో కొంత వివరింపదలంచితిమి.

కాటను 1803 సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఇంజనీరు విద్య నభ్యసించి 1821లో చెన్నపట్టణము చేరెను. కావేరీప్రాంతమున పనిచేయుచు, పూర్వము చోళులు కట్టిన కల్లణైని శ్రద్ధతో చూచెను. రాతినేల దొరకనిచోట ఇసుకమీదనే కట్టడము నిలుపవచ్చునని ఆయన నేర్చినది మన దేశపు పూర్వులయొద్దనే. ఆ నేర్పుతో 1836 నాటికి కొల్లిడమునకు ఆనకట్టలు నిర్మించెను.

ఆ కాలమున మన మండలము మిక్కిలి దీనస్థితిలో నుండెను. 1833లో క్షామమును, 1839లో ఉప్పెనయు ప్రజలను పీడించెను. 1821లో సుమారు 7,38,000 గానుండిన రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గెను. వరద వచ్చిన నది పొలములను ముంచును. వానలు తప్పిన యేట, పైరులెండుచుండగా, ఆ నదియే ప్రక్కనుండి సాగి సముద్రమున కలియును.

1844లో ప్రభుత్వమువారు కాటనును ఇచ్చటికి పంపిరి. ఆయన నీటిరాకను, నేలవాలును పరీక్షించెను. డెల్టాలో ఏటిగట్ల దాపున నేల మెరక, దూరమగుకొలది పల్లము. కావున ధవళేశ్వరమువద్ద నీటిమట్టమును కొంత పెంచినచో, కాలువనీరు తనంతట పొలములకు దిగును. వరదను కట్టపైనుండి పోనిచ్చి, వేసవినాటి కొద్దినీటిని నిలిపి మళ్లించుటయే ఆయన యుపాయము.

1847లో పని ఆరంభమయ్యెను. లంకల నడుమ ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్ట లేచెను. రాయి ధవళేశ్వరపు కొండనుండి వచ్చెను. వీణెం వీరన్నగారు కాటనుకు కుడిభుజమై నిలిచిరి. 1848లో దేహము చెడి కాటను ఆస్ట్రేలియాకు పోగా, ఆర్ దొర పని నడిపెను. 1850లో కాటను తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట ముగిసెను. కాలువలు పొలములను తడుపుటయేగాక ఊళ్లకు త్రాగునీటిని, పడవలకు దారిని ఇచ్చెను. కరవుసీమ ధాన్యాగారమయ్యెను.

1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1899 జూలై 24న, తొంబదియాఱేండ్ల వయస్సున, స్వదేశమున పరమపదించెను.

పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బ్యారేజి ఆయన పేరనే యున్నది. అచ్చట నేటికిని నీటిమట్టమును కొలుచుచునే యున్నారు: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. లంకవాసుల ప్రాణములు ఆ అంకెలపై ఆధారపడియున్నవి.

అయితే వరదను కొలుచుటతో మన పని తీరదు. కాలువ మొదటనున్నవారు అవసరమునకు మించి నీరు తోడుకొన్నచో చివరి పొలము ఎండును. చెత్త పోసినచో దిగువవారి త్రాగునీరు చెడును. మన ఊరి కాలువలో నీరెంత వచ్చుచున్నదో, ఎవరికెంత చేరుచున్నదో గమనించుట పిల్లలును చేయదగిన పనియే. కాటను దొర విగ్రహమునకు పూలమాల వేయువారు ఈ పనియు చేసిన, ఆ మాలకు విలువ హెచ్చునని మా తలంపు.