సర్కారు కొలువు వదిలి.. నల్లకోటు తొడిగి!

1935లో సిరిసిల్లలో నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాద్ వకీలు మాడపాటి హనుమంతరావు. 1885లో కృష్ణా జిల్లా పొక్కునూరులో పుట్టి, సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగారు. ఉర్దూలో దిట్ట. సర్కారు కొలువు దొరికినా వదిలేసి వకీలయ్యారు. కోర్టుల్లో అంతా ఉర్దూనే. అయినా ప్రాక్టీసుతో వచ్చిన పేరును ఆయన తెలుగు కోసం వాడారు. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మీడియం బడి పెట్టారు. నిజాం సర్కారు గుర్తింపు రాలేదు. సర్టిఫికెట్ లేని చదువుకు పిల్లల్ని ఎవరు పంపుతారు? అందుకే పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం అనుబంధం తెచ్చి బడిని నిలబెట్టారు. 1951లో హైదరాబాద్ మేయర్ అయ్యారు. 1970లో కన్నుమూశారు.

జగిత్యాల, కోరుట్లలో లాసెట్‌కు ప్రిపేరయ్యే ఫ్రెండ్స్.. ర్యాంకుతో పాటు ఈ పేరూ గుర్తుంచుకోండి!