చెరసాలలో సాధించిన విద్య: కెప్టెన్ మింగో జీవితము

పాలమూరు పట్టణమునకు మహబూబ్‌నగరమను పేరు 1890లో వచ్చినది. ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖానుది. ఆ ప్రభువు 1911లో కన్నుమూసినది హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్రాసాదమున. ఆ ప్రాసాదమును చూడబోవువారికి అచ్చటి ఇతర విశేషములతోపాటు ఒక పెద్ద బిలియర్డు బల్లను గూడ చూపుదురు. బల్ల పొడవును, దానిపై పరచిన ఆకుపచ్చని బనాతును చూచి ఆశ్చర్యపడువారే గాని, ఆ ఆటకు వాడు కర్రల కొనలను పరికించి చూచువారు అరుదు. బిలియర్డు కర్ర కొనకు చిటికెనవ్రేలి గోరంత తోలు బిళ్ళ యొకటి అతికించి యుండును. ఆ బిళ్ళను తొలగించినచో, ఆ ఆటలో జనులు ముక్కుమీద వ్రేలు వేసికొని చూచు చమత్కారములలో పెక్కింటికి తావు లేదు. ముందునకు పోయిన బంతి తనంతట వెనుకకు మరలుట, అడ్డముగానున్న బంతిని చుట్టి వచ్చి దాని వెనుకనున్న బంతిని తాకుట మొదలగునవి యన్నియు ఆ తోలు ముక్క చలవయే. దాని శక్తిని లోకమునకు చూపినవాడు ఫ్రాన్సు దేశపు సైనికుడు కెప్టెన్ ఫ్రాన్స్వా మింగో.

మింగో 1771లో దక్షిణ ఫ్రాన్సునందు నీమ్ నగరమునకు సమీపమున నున్న ల కైలార్ అను గ్రామమున జన్మించెను. ఆయన పదునెనిమిదేండ్లవాడై యుండగా 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగినది. రాజరికము కూలి, గణతంత్రము వచ్చి, అదియు నిలువక 1804లో నెపోలియను చక్రవర్తియైన కాలమది. ఆ సంక్షోభముల నడుమ మింగో పదాతిదళమున చేరి కెప్టెన్ పదవి వరకు ఎదిగెను. తాను తలచినది దాచుకొనలేని స్వభావము ఆయనది. రాజకీయ విషయములందు నోరు మెదపినవారిని పాలకులు సహింపని ఆ దినములలో, ఆయన నిర్మొగమాటమే ఆయనను చెరసాలకు పంపినది.

ఆయనను బంధించినది బాస్టీలు కోటయని కొందరు వ్రాయుదురు. బాస్టీలు 1789 జూలై 14వ తేదీననే ప్రజల వశమై, ఆపై నేలమట్టమైనది గనుక అది పొసగదు. ఆయన యున్నది పారిసునకు దక్షిణముననున్న బిసెత్ర్. అది ఒకే ఆవరణలో దీనజనుల ఆశ్రమము, పిచ్చివారి ఆసుపత్రి, కారాగారము గలసియున్న విచిత్ర స్థానము. శిరచ్ఛేద యంత్రమైన గిలటీనును 1792లో తొలుత శవములపై పరీక్షించి చూచినది అచ్చటనే. మతి చెడినవారిని గొలుసులతో బంధించుట తగదని వాదించిన వైద్యుడు ఫిలిప్ పినెల్ 1793లో కొలువు చేరినదియు అచ్చటనే. అట్టి చోట మింగోకు ఒక అవకాశము లభించినది. రాజకీయ ఖైదీలకు కలుగు కొద్దిపాటి వెసులుబాటువలన ఆయన బిలియర్డు ఆట నభ్యసింప గలిగెను. పగలంతయు తనదే. తొందర పెట్టువారు లేరు. ఒక ప్రయోగమును నూరు మారులు చేసి, నూట యొకటవ మారు కొంచెము మార్చి చూచుటకు కావలసిన తీరిక చెరసాలయే ఆయనకు ప్రసాదించినది.

ఆనాటికి బిలియర్డు ఎట్లుండెనో తెలిసిననే మింగో సాధించినదేమో తెలియును. పచ్చికబయళ్ళపై ఆడిన ఆట బల్లపైకి ఎక్కినది పదునైదవ శతాబ్దిలో. గద్దెపైనున్న పచ్చని గుడ్డ ఆ పచ్చికకు గురుతు. మొదట ఆటగాండ్రు బంతిని కొట్టుటకు చివర వెడల్పైన తల గల మేస్ అను సాధనమును వాడెడివారు. బంతి బల్ల అంచునకు ఆనుకొని యున్నపుడు ఆ వెడల్పు తల పట్టదు. అప్పుడు సాధనమును త్రిప్పి సన్నని పిడితో పొడిచెడివారు. ఫ్రెంచి భాషలో ఆ పిడిని క్యూ, అనగా తోక, అనిరి. క్రమముగా తోకయే సాధనమై తల మరుగున పడినది. ఐనను దాని కొన వట్టి కఱ్ఱ. నున్నని దంతపు బంతిని మధ్యమున పొడిచినచో సరియే. ఏ కొంచెము ప్రక్కగా పొడిచినను కొన జారిపోవును. పట్టు దొరకుటకై ఆటగాండ్రు కర్ర కొనను సున్నపు గోడకు రాచి తెల్లపొడి నంటించుకొనెడివారు. బంతిని నడుమ కొట్టుటయే విధి, మిగిలిన భాగమంతయు నిషిద్ధ ప్రదేశము అన్నట్లుండెను.

మింగో ఆ నిషిద్ధ ప్రదేశమును జయించెను. కర్ర కొనను గుండ్రముగా చెక్కి దానిపై తోలు బిళ్ళను అమర్చెను. తోలు మెత్తనిది గనుక తాకిన క్షణమున కొంచెము నొక్కుకొని బంతిని పట్టుకొనును. ఆ పట్టు లిప్తపాటునకంటె తక్కువ కాలమే నిలుచును. కాని ఆ స్వల్ప కాలమే బంతికి తిరుగుడు నిచ్చుటకు చాలును. పైన కొట్టిన బంతి ముందునకు తిరుగును, క్రింద కొట్టినది వెనుకకు తిరుగును, ప్రక్కన కొట్టినది బొంగరమువలె తన చుట్టు తాను తిరుగును. ఒక్క దెబ్బ కొట్టుట యను పని కాస్త పదిరకముల దెబ్బల విద్యయైనది.

విడుదల దినము వచ్చినపుడు తన సాధన పూర్తి కాలేదని, మరికొంతకాలము చెరలోనే ఉండనిమ్మని ఆయన వేడుకొనెనని ఒక కథ గలదు. అది జరిగినను జరుగకున్నను, అట్టి కథ పుట్టుటకు కారణమైన దీక్ష మాత్రము కల్పితము కాదు. 1807లో వెలుపలికి వచ్చిన మింగో పారిసు కాఫీశాలలందు తన విద్యను ప్రదర్శించెను. ఎదుటి బంతిని తాకి, ఒక్క క్షణము నిలిచి, పిలిచినట్లు వెనుకకు వచ్చు బంతిని చూచి ప్రేక్షకులు నివ్వెరపోయిరి. బంతిలో దయ్యము దూరినదని అనుకొన్నవారును ఉండిరని చెప్పుదురు. కర్రను దాదాపు నిట్టనిలువుగా ఎత్తి బంతిపై ప్రక్కగా దించు మాసే అను ప్రయోగమును కనుగొన్న కీర్తియు ఆయనదే. ఆ దెబ్బకు బంతి వంకర దారిని పట్టి, దారిలోనున్న అడ్డమును చుట్టుకొని పోవును.

ఇందులోని సూత్రము నల్లగొండ, పాలమూరు పల్లెలలో వేపచెట్ల నీడన గోటీలాడు పిల్లల చేతికి తెలియనిది కాదు. సమానమైన రెండు గోటీలను తీసికొని చూడవచ్చును. గాలిలో ఎగిరి వచ్చి సూటిగా కొట్టిన గోటీ తన వేగమంతయు ఎదుటిదానికిచ్చి తాను తాకిన తావుననే నిలిచిపోవును. నేలపై దొర్లుచు వచ్చి కొట్టిన గోటీ అట్లు నిలువదు. దాని ముందునడక ఎదుటి గోటీకి పోయినను, దొర్లుట వలన వచ్చిన తిరుగుడు దానియందే మిగులును. ఆ తిరుగుడే దానిని మరికొంత ముందునకు లాగును. ఇక తిరుగుడు వెనుకకైనచో? నడక పోయి తిరుగుడే మిగిలిన బంతి వెనుకకు రాక తప్పదు. పారిసులో దయ్యమని భ్రమపడినది దీనినే. తరగతి గదిలో బల్లపై రెండు గోటీలను దొర్లించి ఉపాధ్యాయుడు చూపదగిన సత్యమిది.

ఈ సత్యమును లెక్కలలో పెట్టిన మహనీయుడు గస్పార్ గుస్తావ్ కొరియోలిస్. తిరుగుచున్న భూమిపై గాలులును, ప్రవాహములును ప్రక్కకు మరలుటకు కారణమైన ప్రభావమునకు నేడాయన పేరే కలదు. భౌతికశాస్త్రమున పని అను మాటకు బలమును, దూరమును గుణించి అర్థము చెప్పుటలో ఆయన 1829 నాటి గ్రంథమునకు ముఖ్యస్థానము గలదు. అట్టి పండితుడు మింగో ఆటను కన్నులార చూచినవాడు. 1835లో ఆయన బిలియర్డు బంతుల చలనమును గూర్చి ఒక గణిత గ్రంథమునే ప్రకటించెను. ప్రక్కతిరుగుడు గల బంతి బల్లపై జారుచున్నంతసేపు నడచు దారి పరావలయమనియు, జారుట మాని దొర్లుట ప్రారంభించిన క్షణమునుండి అది సరళరేఖలో పోవుననియు ఆయన నిరూపించెను. మాసే దెబ్బలో ఆ తుది దిక్కును ముందుగనే కనుగొను ఉపాయమును గూడ చెప్పెను. కర్రను అదే వాలున పొడిగించినచో అది బల్లను తాకు బిందువొకటి యుండును. బంతి బల్లపై ఆనియున్న బిందువునుండి ఆ బిందువునకు గీచిన గీతకు సమాంతరముగా బంతి తుదకు సాగును. బంతి ఎత్తును పది పాళ్ళు చేసి, బల్లనుండి ఏడు పాళ్ళ ఎత్తున అడ్డముగా కొట్టినచో బంతి ఏమాత్రమును జారక తొలి క్షణమునుండియే దొర్లుననుటయు ఈ శాస్త్రములోని ముచ్చటయే. మింగో చేతికి తెలిసినది కొరియోలిస్ కలమునకు ఎక్కినది. ఒకరు బడిపండితుడు, ఒకరు విడుదలైన ఖైదీ. ఐనను పండితుడు ఆ చేతిపనిని చిన్నచూపు చూడక దానియొద్ద నేర్చుకొనెను.

అదే కాలమున ఇంగ్లండులోని బాత్ నగరమున మరియొక కథ నడచినది. అచ్చటి ఆటశాలలో లెక్కలు చూచు జాక్ కార్ అనునతడు బంతికి ప్రక్కతిరుగుడు నిచ్చుటలో ఆరితేరెను. ఆ మర్మమేమని అడిగినవారికి కర్ర కొనకు పూయు ఒక మాయపొడిని చిన్న పెట్టెలలో పెట్టి హెచ్చు వెలకు అమ్మెనని చెప్పుదురు. ఆ పొడి వట్టి సుద్దయే. సుద్ద రాపిడిని హెచ్చించుట నిజమే. నేటి ఆటగాండ్రును ప్రతి దెబ్బకు ముందు దానిని పూసికొందురు. కాని కొన్నవారికి పొడి దక్కినది, విద్య దక్కలేదు.

మింగో ఎంచుకొన్న మార్గము వేరు. పోటీలలో ధనమార్జించుటకు రహస్యమును దాచుకొనిన నాడు ఆయనకు ఎదురుండెడిది కాదు. ఆయన 1827లో పారిసున తన ప్రయోగములను ఒక గ్రంథముగా వెలువరించెను. అందు ఆశ్చర్యకరములని ఆయనయే పేరు పెట్టిన దెబ్బలకు చెక్కడపు పటములు గలవు. బంతులెక్కడ నుంచవలెనో, దెబ్బ తరువాత ఏ దారిని పోవునో రేఖలతో చూపబడినది. ఆ పుస్తకమును లండనులో బిలియర్డు బల్లలు చేయు జాన్ థర్‌స్టన్ 1830లో ఇంగ్లీషున వెలువరించెను. కఱ్ఱ గద్దెకు బదులు 1826లో పలకరాతి గద్దెను, 1835లో రబ్బరు అంచులను ప్రవేశపెట్టిన వర్తకుడితడే. మింగో తోలు, థర్‌స్టన్ రాయి, రబ్బరు గలసి ముప్పదేండ్లలోపల ఆ ఆటను కొత్త ఆటగా మార్చినవి. కర్రకు పట్టు వచ్చినది, గద్దె సమతలమైనది, అంచు నమ్మదగినదైనది. ఒకమారు పడిన దెబ్బ మరల అట్లే పడునను భరోసా కలిగినది.

ఆ భరోసా లేనిదే చమత్కార ప్రయోగమను కళ లేదు. చూచువారికి అది క్షణకాలపు వింత. చేయువానికి అది ముందుగా మనస్సున గీచుకొనిన పటము. ఏ బంతి ఏ కోణమున తాకి, ఎంత వేగము కోలుపోయి, ఎచ్చటికి చేరునో ఊహించుట మొదటి పని. చేతిని ఆ ఊహకు లొంగదీయుట రెండవది. ఊహ లేనిదే చేయి పాత దెబ్బలనే తిరిగి కొట్టుచుండును. సాధన లేనిదే ఊహ కాగితమును దాటి రాదు. మింగోయందు రెండును కలిసినవి గనుకనే ఆయన పటములు ఇతరుల చేతిలోను ప్రాణము పోసికొన్నవి.

ఆ విద్య సముద్రములు దాటి మనదేశమునకును వచ్చినది. 1875లో జబల్పూరునందలి ఆంగ్ల సైనికాధికారి నెవిల్ చేంబర్లెన్ అచ్చటి బల్లపై రంగు బంతులను చేర్చి స్నూకరను ఆటకు రూపమిచ్చెను. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూరు బిలియర్డు విజేతయై, ఏ క్రీడయందైనను వ్యక్తిగతముగా ప్రపంచ పీఠమునెక్కిన తొలి భారతీయుడుగా కీర్తి గాంచెను. ఈ ఆటలన్నింటను బంతిని తాకునది తోలు బిళ్ళయే.

మింగో 1847 డిసెంబరులో హాలండునందలి రోటర్‌డామ్ నగరమున డెబ్బదియారవ యేట మరణించెను. ఆయన పాల్గొన్న యుద్ధముల పేరులు చెప్పువారు లేరు. ఆయనను చెరపట్టించిన మాటలు ఏవియో అడుగువారును లేరు. ఆయన పుస్తకము మిగిలినది. దానిని తెరచి, బంతులను పటములోవలె అమర్చి, కొనకు సుద్ద పూసి కొట్టినచో ఆ దెబ్బ నేటికిని పడును.